మూడొందలే అడిగాడు

డిసెంబర్ సెలవుల్లో మేం పదకొండు మందిమి ఒక టెంపో ట్రావెలర్ మాట్లాడుకుని హైదరాబాద్ నుంచి గండికోట బయల్దేరాం. పెన్నా లోయ పక్కన టెంట్లలో పడుకుని పొద్దున్నే సూర్యోదయం చూడాలని ప్లాన్. కర్నూలు దాటాం, బనగానపల్లె దాటాం. కోవెలకుంట్ల దగ్గరికి వచ్చేసరికి డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ లైటు వెలిగింది. కాసేపటికే టెంపరేచర్ ముల్లు ఎర్ర గీతకి చేరింది. డ్రైవరన్న బండి పక్కకి ఆపి బానెట్ ఎత్తాడు. ఫ్యాన్ బెల్టు తెగిపోయింది.

మాలో ఇద్దరు మెకానికల్ బ్రాంచ్ వాళ్ళు. ఒకడు ఉత్సాహంగా రేడియేటర్ మూత తీయబోతే డ్రైవరన్న చెయ్యి పట్టి లాగాడు. వేడి మీద తీస్తే మరిగే నీళ్ళు మొహం మీదికి చిమ్ముతాయి. మా ఇంజినీరింగ్ ఎంతో అప్పుడే తెలిసిపోయింది.

ఆరు దాటింది. ట్రావెల్స్ వాళ్ళు ఫోన్ ఎత్తలేదు. యాప్ తెరిస్తే మీ ప్రాంతంలో మా సర్వీసు లేదంది. నలుగురు అమ్మాయిలు ఉన్నారు, చీకటి పడుతోంది. అప్పటిదాకా ఉన్న పాటలు, అరుపులు అన్నీ ఆగిపోయాయి.

పాల క్యాన్లతో బైక్ మీద వెళ్తున్న ఒకాయన ఆగాడు. "ఏమప్పా, యాడికి పోవల్ల?" అని అడిగి, మేం చెప్పేది సగం విని, వెళ్ళి ఒక మెకానిక్‌ని వెనక ఎక్కించుకుని వచ్చాడు. ఆ మెకానిక్ అప్పటికే షాపు మూసేసి స్నానం కూడా చేసేశాడు. తెగిన బెల్టు చేతిలోకి తీసుకుని, "ఈ సైజు నా కాడ లేదు. నంద్యాల నుంచి తెప్పించల్ల" అన్నాడు. ఒక ఫోన్ చేశాడు. అక్కడి స్పేర్ పార్ట్స్ షాపాయన ఇటువైపు వచ్చే కూరగాయల ఆటోలో బెల్టు పంపించాడు. అడ్వాన్స్ లేదు, ఓటీపీ లేదు. బెల్టు రావడానికి రెండు గంటలు పట్టింది. అంతసేపూ ఆయన ఇంటికి పోకుండా మాతోనే రోడ్డు మీద కూర్చున్నాడు.

ఈలోగా వాళ్ళ ఇంటావిడ వచ్చింది. అమ్మాయిలని చూసి మొదట అడిగిన మాట, "బాత్రూముకు పోవల్లనా పాపా?" మా వాళ్ళు మధ్యాహ్నం నుంచీ ఓర్చుకుంటున్నారట. మా అబ్బాయిల్లో ఒక్కడికీ ఆ ఆలోచనే రాలేదు. వాళ్ళు తిరిగొచ్చేటప్పుడు ఆమె జొన్నరొట్టెలు, శెనక్కాయల పచ్చడి కట్టి పంపింది.

ఫోన్ టార్చిల వెలుతురులో బెల్టు బిగించి, నీళ్ళు పోసి, స్టార్ట్ చేసి చాలాసేపు చెవి పెట్టి విన్నాక గానీ ఆయన బానెట్ వేయలేదు. బెల్టు బిల్లు చూపించి అంతే తీసుకున్నాడు. తన పనికి మూడొందలు.

ఈ మూడొందల గురించే నేను చెప్పాలనుకున్నది. హైదరాబాద్‌లో వాన పడితే క్యాబ్ రేటు పెరుగుతుంది. దాన్ని సర్జ్ ప్రైసింగ్ అంటారు, అందులో తప్పేం లేదని మనమే వాదిస్తాం. డిమాండ్ ఎక్కువ, సప్లై తక్కువ. ఆ రాత్రి మా డిమాండ్ కంటే పెద్దది ఉంటుందా? మూడు వేలు అడిగినా ఇచ్చేవాళ్ళం. ఆ సంగతి ఆయనకీ తెలుసు. అయినా మూడొందలే అడిగాడు.

తిరిగొచ్చాక మా వాడొకడు రీల్ చేసి 'సింపుల్ పీపుల్, బిగ్ హార్ట్స్' అని రాశాడు. లైకులు బాగానే వచ్చాయి. నాకు మాత్రం ఆ 'సింపుల్' నచ్చలేదు. శబ్దం విని ఇంజిన్ సంగతి చెప్పేవాడు సింపుల్ ఎలా అవుతాడు? పల్లెటూరి వాళ్ళు పుట్టుకతోనే మంచోళ్ళు అనుకుంటే మనకి చాలా హాయి. అది వాళ్ళ నేచర్, మన పని కాదు అని వదిలేయొచ్చు.

అన్నీ చెప్పాలి కాబట్టి ఇదీ చెప్తాను. అక్కడ చేరిన వాళ్ళలో ఒక పెద్దాయన నా ఫ్రెండ్‌ని "మీరేమిటోళ్ళు నాయనా?" అని అడిగాడు. వాడు నవ్వి, "హైదరాబాదోళ్ళం తాతా" అన్నాడు. అందరూ నవ్వారు. బండి కదిలాక వాడు చాలాసేపు మాట్లాడలేదు. వాడు నిజం చెప్పి ఉంటే ఆ రాత్రి అలాగే గడిచేదా? నాకు తెలీదు. మెకానిక్, వాళ్ళావిడ మాత్రం ఎవరినీ ఏమీ అడగలేదు. అంటే మంచితనం ఊరిది కాదు. ఊళ్ళో కొందరు, తమ సాయంత్రం పోగొట్టుకుని చేసే పని అది.

అలాంటప్పుడు మనమూ చేయొచ్చు కదా? చేయలేదు. ట్రిప్ అయిన రెండు వారాలకి మన కాలేజీ గేటు ముందే ఒక ఆటో ఆగిపోయింది. లోపల ఒక ముసలావిడ, ఒళ్ళో ఆసుపత్రి ఫైలు. డ్రైవర్ ఒక్కడే తోస్తున్నాడు. నాకు ల్యాబ్‌కి ఇంకా పావుగంట టైముంది. చెవిలో ఇయర్‌ఫోన్స్ ఉన్నాయి. ఎవరో ఒకరు చూసుకుంటారులే అనుకుని లోపలికి వచ్చేశాను. నిజంగా ఎవరైనా చూశారో లేదో ఇప్పటికీ తెలీదు. ఈ వ్యాసంలో 'కృతజ్ఞత' అని రాద్దామని స్పెల్లింగ్ రెండుసార్లు సరిచూసుకున్నాను. ఆటో గుర్తొచ్చి ఆ వాక్యమే తీసేశాను.

క్లబ్ వాళ్ళకి, చదివేవాళ్ళకి నాదొక చిన్న రిక్వెస్ట్. గేటు దగ్గర సెక్యూరిటీ గదిలో ఒక కాగితం అంటిద్దాం. దగ్గర్లోని మెకానిక్, పంక్చర్ షాపు, అంబులెన్స్ నంబర్లు రాద్దాం. బండి ఆగిపోయిన ఆడవాళ్ళు ఎవరైనా వస్తే మన కింది అంతస్తు బాత్రూమ్ వాడుకోనివ్వమని ప్రిన్సిపాల్ సార్‌ని అడుగుదాం. ఆ కాగితం నేనే రాసి తెస్తాను. తెలుగులో తప్పులుంటే దిద్దండి.