నేల అమ్మకానికి లేదు

అమెరికా ప్రభుత్వం దగ్గర ఓ సొమ్ము మూలుగుతోంది. 1980లో సుప్రీంకోర్టు ఖరారు చేసినప్పుడు అది దాదాపు 10.6 కోట్ల డాలర్లు. వడ్డీతో కలిపి వంద కోట్లు ఎప్పుడో దాటింది. హక్కుదారులు సూ జాతి ప్రజలు. దేశంలోని కటిక పేదల్లో వాళ్లూ ఉన్నారు. అయినా ఆ సొమ్ము ముట్టుకోలేదు. పుచ్చుకుంటే తమ పవిత్ర భూమి బ్లాక్ హిల్స్‌ను అమ్మినట్టేనని వాళ్ల వాదన. ఈ పట్టుదల ఎక్కడిదో తెలియాలంటే సిట్టింగ్ బుల్ దగ్గరకు వెళ్లాలి.

రిజర్వేషన్ అంటే మనకు సీట్లు, ఉద్యోగాలు. సూ జాతిలోని లకోటా తెగలకు అది గిరి గీసిన నేల. అప్పట్లో గిరి లోపల ఉంటే సర్కారు రేషన్ ఇచ్చేది. పెత్తనం ఏజెంటుది, ఆయన కార్యాలయం ఏజెన్సీ. మన్యాన్ని ఇప్పటికీ ఏజెన్సీ అనే తెలుగువాళ్లకు ఆ మాట కొత్త కాదు.

1868 ఒప్పందం బ్లాక్ హిల్స్‌ను సూలకే వదిలింది. హంక్‌పాపా తెగ నాయకుడు సిట్టింగ్ బుల్ దాని మీద సంతకం చేయలేదు. రేషన్ తిన్నవాడు రేపు చెప్పినట్టు వినాల్సిందేనని ఆయన అనుమానం. 1874లో ఆ కొండల్లో బంగారం బయటపడింది. 60 లక్షల డాలర్లకు అమ్మమన్నారు, కుదరలేదు. 1876 జనవరి 31లోగా అందరూ ఏజెన్సీలకు చేరాలని హుకుం జారీ అయింది. ఆయన వెళ్లలేదు. జూన్ 25న లిటిల్ బిగ్‌హార్న్ నది ఒడ్డున కస్టర్‌నూ, ఆయన వెంట ఉన్న 200 మందికి పైగా సైనికులనూ లకోటాలు, వాళ్ల మిత్ర తెగలు తుడిచిపెట్టాయి. ఆ పోరులో సిట్టింగ్ బుల్ సేనాపతి కాదు. అంతమందిని ఒక్కచోట చేర్చిన పెద్దదిక్కు.

గెలుపు ఎంతోకాలం నిలవలేదు. 1877లో అమెరికా కాంగ్రెస్ బ్లాక్ హిల్స్‌ను లాగేసుకుంది. వయోజన పురుషుల్లో నాలుగింట మూడొంతుల మంది ఒప్పుకోవాలన్నది 1868 ఒప్పందం. పదో వంతు మందే సంతకం చేశారు. సిట్టింగ్ బుల్ కెనడాకు తరలిపోయాడు. అక్కడ ఆయన్ను ఓడించింది తుపాకీ కాదు, ఆకలి. వేటగాళ్ల చేతిలో అడవిదున్నల మందలు అంతరించాయి. 1881 జులైలో రెండు వందల మందైనా లేని పరివారంతో తిరిగొచ్చి లొంగిపోయాడు. తుపాకీని తన చిన్న కొడుకు క్రో ఫుట్ చేత ఇప్పించాడు.

దాదాపు రెండేళ్లు బందీగా ఉండి, 1883లో స్టాండింగ్ రాక్ ఏజెన్సీకి వచ్చాడు. అదే ఏడాది ఒక సెనేట్ కమిటీ అక్కడికి వచ్చింది. ‘మీకు తిండీ బట్టా పెడుతున్నది ప్రభుత్వమే’ అన్న ధోరణిలో సెనేటర్ జాన్ లోగన్ ఆయన్ను అందరి ముందూ చిన్నబుచ్చాడు. ఆ తిండి కోసం చేయి చాచాల్సిన గతి ఎవరు పట్టించారన్న ప్రశ్న మాత్రం కమిటీకి తట్టలేదు. 1889లో రిజర్వేషన్‌ను ముక్కలు చేసి సుమారు 90 లక్షల ఎకరాలు వలసదారులకు తెరిచారు. సిట్టింగ్ బుల్ వ్యతిరేకించినా సంతకాలు సేకరించారు. ఆ తర్వాత మాంసం రేషన్‌లో కోత పెట్టారు. ఆయన అనుమానం నిజమైంది.

ఆ నిస్పృహలోంచే, పాత రోజులు తిరిగొస్తాయనే ‘ఘోస్ట్ డాన్స్’ విశ్వాసం పాకింది. ఆయన దాన్ని ఎగదోస్తాడని ఏజెంటు మెక్‌లాఫ్లిన్ భయం. 1890 డిసెంబర్ 15 తెల్లవారుజామున అరెస్టుకు పోలీసులను పంపాడు. వాళ్లూ లకోటాలే. పెనుగులాటలో వాళ్ల తూటాలకే సిట్టింగ్ బుల్ ఒరిగాడు. క్రో ఫుట్‌నూ చంపేశారు. రెండు వారాలకు వూండెడ్ నీ దగ్గర రెండు వందల మందికి పైగా లకోటాలు సైన్యం కాల్పుల్లో చనిపోయారు. వారిలో స్త్రీలు, పిల్లలు ఎందరో. కాల్చింది ఒకప్పటి కస్టర్ దళమే, సెవెంత్ కావల్రీ.

బ్లాక్ హిల్స్‌ను లాక్కోవడం అన్యాయమని 1980లో కోర్టు ఒప్పుకుంది. పరిహారం ఇమ్మంది గానీ నేల తిరిగి ఇమ్మనలేదు. సూల పేచీ అక్కడే. మన దగ్గరా ప్రాజెక్టుల కింద ఊళ్లు పోతుంటే చర్చంతా ఎకరానికి ఎంతన్న దగ్గరే తిరుగుతుంది. అసలు ఇస్తారా అని ముందు అడగాలి. ‘ఇవ్వం’ అనే జవాబును వినే ఓపికా ఉండాలి. ఆ జవాబును సిట్టింగ్ బుల్ బతికినన్నాళ్లూ చెప్పాడు. ఆయన జాతి ఇప్పటికీ చెబుతోంది.