రాని కారు, మూతబడిన ఫ్యాక్టరీ

భారత్‌లో కార్ల తయారీ ఆపేస్తున్నామని ఫోర్డ్ 2021 సెప్టెంబరు 9న ప్రకటించింది. పదేళ్లలో 200 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయామని లెక్క చెప్పింది. లెక్క నిజమే. కానీ చెన్నై దగ్గర మరైమలైనగర్ ఫ్యాక్టరీ భవితవ్యం అంతకు ముందే, రోడ్డెక్కని ఒక ఎస్‌యూవీతో పాటు తేలిపోయిందని నా అభిప్రాయం.

2019 అక్టోబరులో ఫోర్డ్, మహీంద్రా ఉమ్మడి సంస్థకు ఒప్పందం చేసుకున్నాయి. మహీంద్రాది 51 శాతం, ఫోర్డ్‌ది 49. మహీంద్రా ప్లాట్‌ఫామ్ మీద ఫోర్డ్ పేరుతో కొత్త ఎస్‌యూవీలు రావాలి. 2020 డిసెంబరు 31తో గడువు తీరింది. కరోనాతో పరిస్థితులు మారాయంటూ ఇద్దరూ తప్పుకున్నారు. కొన్ని నెలలకే ఉమ్మడి మోడళ్ల పనీ ఆగింది. మహీంద్రా తన ప్లాట్‌ఫామ్‌తో 2021లోనే ఎక్స్‌యూవీ 700 తెచ్చుకుంది. ఫోర్డ్ చేతిలో మాత్రం ఏమీ మిగల్లేదు.

ఒక్క మోడల్ పోతే ఫ్యాక్టరీ మూతబడుతుందా? ఇక్కడ అదే జరిగింది. పొడవు నాలుగు మీటర్ల లోపు, పెట్రోల్ ఇంజిన్ 1200 సీసీ, డీజిల్ 1500 సీసీ దాటకపోతే మన దేశంలో పన్ను తక్కువ. 2013లో ఆ కొలతల్లో ఇమిడేలా ఎకోస్పోర్ట్ తెచ్చి, చిన్న ఎస్‌యూవీల మార్కెట్‌ను పెంచింది ఫోర్డే. తర్వాత దానికి పోటీగా 2016లో బ్రెజా, 2017లో నెక్సాన్, 2019లో వెన్యూ వచ్చాయి. ఎకోస్పోర్ట్ మాత్రం పైపై మెరుగులతో ఎనిమిదేళ్లు అలాగే నడిచింది. కొత్త కారుకు డైలు, టూలింగ్, పరీక్షలకయ్యే ఖర్చు వేలాది కార్ల మీద పంచుకోవాలి. చెన్నై, గుజరాత్‌లోని సనంద్ ఫ్యాక్టరీలకు కలిపి ఏటా నాలుగు లక్షలకు పైగా కార్లు తయారుచేసే సామర్థ్యం ఉన్నా, దేశంలో అమ్మకాలు అందులో చిన్న వంతు. అందుకే పొరుగు కంపెనీ ప్లాట్‌ఫామ్ మీద ఆధారపడింది. ఆ ఆధారం పోయాక రెండో దారి లేదు.

దాదాపు నాలుగు వేల మంది ఉద్యోగుల మీద దెబ్బ పడింది. సనంద్ ఫ్యాక్టరీని టాటా కొనుక్కుంది. చెన్నైలో 2022లో ఉత్పత్తి ఆగిపోయింది. ఫోర్డ్ కోసమే యంత్రాలు పెట్టుకున్న చిన్న విడిభాగాల యూనిట్లకు ఫోర్డ్, మహీంద్రాల ఒప్పందంలో సంతకం లేదు, నష్టంలో వాటా మాత్రం ఉంది. నన్ను ఎక్కువగా బాధించేది ఇదే.

తిరువూరు లాంటి ఊళ్లలో ఐటీఐ, డిప్లొమా చదివిన పిల్లలకు ఇది దూరపు కబురు కాదు. వాళ్లు ఉద్యోగాలకు చెన్నై, శ్రీసిటీ, పెనుకొండ వైపే చూస్తారు. పెనుకొండలో కియా 2019లో సెల్టోస్‌తో మొదలుపెట్టి, మరుసటి ఏడాదే సోనెట్‌ను దించింది. రెండూ సొంత గ్రూపు ప్లాట్‌ఫామ్‌ల మీదివే. 2005లో విశాఖకు వస్తుందన్న ఫోక్స్‌వ్యాగన్ పుణె దగ్గర చాకన్‌కు వెళ్లిపోయినప్పుడు మనం పోయిన ఫ్యాక్టరీ గురించే మాట్లాడుకున్నాం. వచ్చిన ఫ్యాక్టరీలో తర్వాతి కారేదో అడగడం ఇంకా అలవాటు కాలేదు.

రాష్ట్రం ఇచ్చే రాయితీల్లో కొంత భాగాన్ని రెండో మోడల్ టూలింగ్‌కు ఆర్డర్ వెళ్లే తేదీకి ముడిపెట్టాలి. ఆ మోడల్ రద్దయితే విడిభాగాల యూనిట్లకు ముందుగా తెలియజేయాలనీ, వాళ్లు పెట్టిన యంత్రాల ఖర్చులో వాటా భరించాలనీ ఒప్పందంలోనే రాయాలి.