బాసరలో చదువుకుంటున్న నా మనవరాలికి

బంగారు తల్లీ,

మొన్న ఫోన్‌లో నువ్వడిగిన మాట ఇంకా నా మనసులోనే తిరుగుతున్నది. మంచేదో చెడేదో తేల్చుకోవడానికి తెలివి చాలదా తాతా, మధ్యల ఈ నమ్మకమెందుకు అన్నవు. అది ఫోన్‌లో తెమిలే సంగతి కాదు బిడ్డా, అందుకే రాస్తున్న. నీ ఈడు పిల్లలు ఇంకెవరు చదువుకున్నా నాకు సంతోషమే.

తెలివిని నేను తక్కువ చెయ్య. కందకుర్తిల మూడు నదులు కలిసేకాడ మునిగొచ్చి, ఆ మాపటికే కాంటాలో మోసం చేసినోళ్లను చూసిన. ఆలోచన లేని భక్తి అంతవరకే. కానీ తెలివి ముందుగాల ఫలితమెంత అని అడుగుతది. అది కనబడకుంటే అడుగు ముందుకెయ్యది.

నిజామాబాద్ ఖిల్లా గుడికి నిన్ను తీసుకపోయిన, యాదికున్నదా? ఆ ఖిల్లా ఒకప్పుడు జైలు. 1948ల నిజాంను ఎదిరించిన కవి దాశరథి కృష్ణమాచార్యను అందులనే పెట్టిన్రు, వట్టికోట ఆళ్వారుస్వామి కూడా అక్కడే ఉండె. దాశరథి బొగ్గుముక్కతోని గోడమీద పద్యం రాసిండు. లెక్క చూసుకుంటే ఏమొస్తది? సున్నమేస్తే అక్షరం పోతది, రాసినోనికి దెబ్బలు మిగులుతయి. నిజాం లొంగిపోయే సెప్టెంబర్ 17 వస్తదని లోపలున్నోళ్లకు ఎవరు చెప్పిన్రు! దాశరథి వైష్ణవుల ఇంట్ల పుట్టినోడు. ఆళ్వారుస్వామేమో 1938ల దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, తిరిగి తిరిగి పుస్తకాలమ్మినోడు. ఆయన నమ్మింది చదివే జనాన్ని. తన 'అగ్నిధార' పుస్తకాన్ని దాశరథి ఆయనకే అంకితమిచ్చిండు. నమ్మకమని నేననేది గిదే తల్లీ. గుడికి పో, పోకపో, నీ లాభంకన్న పెద్దదొకటున్నదని, దానికి నువ్వు జవాబు చెప్పాలని అనుకోవడం.

నాకు ఇంకా నచ్చిన సంగతొకటున్నది. నిజాం జైల్ల మగ్గిన దాశరథే 1961ల గాలిబ్ ఉర్దూ కవిత్వాన్ని తెలుగుల పెట్టిండు. ఉర్దూ మీద పగబట్టాలంటే ఆయన తెలివికి కారణాలు కరువా?

మన శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ ముచ్చటా చెప్పాలె. చెరుకు కొట్టినంక ఆగితే ఎండిపోయి తూకం తగ్గుతది, లోపలి చక్కెర కూడా తగ్గుతది. ఏడాది పెంచిన పంటను బండ్లకెక్కించి ఫ్యాక్టరీకి అప్పజెప్పి, పైసల కోసం ఎదురుచూసేటోళ్లం. లెక్కలు రాక కాదు, ఒకరినొకరు నమ్మకుంటే ఆ పని సాగదు. 2015 డిసెంబర్‌ల ఫ్యాక్టరీ మూతపడ్డది. కొలువులు పోయినయి, చెరుకు పోయింది అంటరు. మాటమీద సరుకిచ్చే ధైర్యం సుత పోయింది. గిప్పుడు వడ్లు పట్టుకపోయినోడు ప్రతి సంచికీ కాంటావైపు అనుమానంగనే చూస్తడు. వాణ్ని తప్పుపట్టలేను, దెబ్బతిన్నోడు.

నిజానికి మా తరమే మీకు తెలివి, నమ్మకం రెండిటినీ విడగొట్టి ఇచ్చింది. బాసర అమ్మవారి ముంగట నీతో పలకమీద అక్షరం దిద్దించినం. అదే ఊర్ల ట్రిపుల్ ఐటీల సీటొస్తే వాడంతా మిఠాయి పంచినం. మొదటిదానికీ రెండోదానికీ ఏం సంబంధమో కూసోబెట్టి చెప్పింది లేదు.

రేపు కొలువుల ఎవరో ఒక తప్పుడు లెక్క ముంగట పెట్టి సంతకం చెయ్యమంటరు. పట్టుబడవని నీ తెలివే చెప్తది, అది నిజమే కావచ్చు. అప్పుడు వద్దనేటందుకు నీ దగ్గర ఇంకేమున్నదో ఇప్పటిసంది చూసుకో తల్లీ.

నా మాట తప్పనిపిస్తే పెద్ద జవాబే రాయి, పండుగకొచ్చినప్పుడు కొట్లాడుదాం. వేళకు తిను. నిండు నూరేండ్లు చల్లగుండు బిడ్డా.

మీ తాత,
రెంజల్