కంప్యూటర్ కబుర్లు: ఒకే పేరుతో రెండు జీతం చీటీలు



జీతం చీటీని ఫోనుతో ఫొటో తీసి దాచుకోవడం మంచి అలవాటు. కానీ నలుగురి ఫొటోలను ఒకే ల్యాప్‌టాప్‌లో, ఒకే ఫోల్డరులో వేసేటప్పుడు జాగ్రత్త కావాలి. చాలా ఫోన్లు, కెమెరాలు ఫొటోలకు వరస నంబర్లే పేర్లుగా పెడతాయి. మీ ఫోనులో 0042 అనే ఫొటో ఉంటే, పక్క మంచం తమ్ముడి ఫోనులోనూ 0042 ఉండవచ్చు. ఒక ఫోల్డరులో ఒకే పేరుతో రెండు ఫైళ్ళు ఇమడవు.

అప్పుడు విండోస్ మూడు దారులు చూపిస్తుంది. ‘రీప్లేస్’ నొక్కితే పాత ఫైలు పోయి దాని చోట కొత్తది కూర్చుంటుంది. పోయినది రీసైకిల్ బిన్‌లో కూడా దొరకదు. ‘స్కిప్’ నొక్కితే కొత్తది రాదు. ‘కంపేర్’ నొక్కి రెండింటికీ టిక్కు పెడితే రెండూ నిలుస్తాయి, కొత్తదాని పేరు చివర ఒక నంబరు చేరుతుంది. అనుమానం ఉంటే మూడోదే నొక్కండి.

ఒక్క చీటీయే కదా అనుకోకండి. అమెరికాలో 1938 నాటి కార్మిక చట్టం కింద యజమాని జీతాల రికార్డులు 3 ఏళ్ళు, టైం కార్డులు 2 ఏళ్ళు ఉంచితే చాలు. ఆ తర్వాత మన దగ్గరున్నదే మనకు ఆధారం. యజమాని లెక్కలు సరిగా లేనప్పుడు కార్మికుడు చూపే ఆధారాలతోనే పని గంటలను అంచనా కట్టవచ్చని సుప్రీం కోర్టు 1946లో మౌంట్ క్లెమెన్స్ పాటరీ కేసులో చెప్పింది. కేసులు ఏళ్ళ తరబడి నడుస్తాయి కూడా. కత్రినా తుపాను తర్వాత మన దేశం నుంచి వచ్చి మిసిసిపీ, టెక్సాస్ క్యాంపుల్లో ఉన్న వెల్డర్లు, పైపు ఫిట్టర్లు సిగ్నల్ ఇంటర్నేషనల్ కంపెనీ మీద 2008లో దావా వేస్తే, న్యూ ఆర్లియన్స్‌లో జ్యూరీ ఐదుగురికి సుమారు 1 కోటి 40 లక్షల డాలర్లు ఇవ్వాలని తేల్చింది 2015లో. అన్నేళ్ళు మన కాగితాలు భద్రంగా ఉండాలి.

ఊళ్ళో ముగ్గురు వెంకటేశ్వర్లు ఉంటే ఇంటిపేరు కలిపి పిలుస్తాం. ఫైళ్ళకూ అంతే. ఒకేసారి అన్నిటి పేర్లూ మార్చేటప్పుడు ఈ వరస పాటించండి.

1. ముందు ఫోల్డరు మొత్తాన్ని పెన్ డ్రైవులోకి కాపీ చేయండి. ఫైళ్ళు ఎన్నో లెక్క రాసుకోండి.

2. ఒక్కో మనిషికి ఒక్కో ఫోల్డరు, అందులో ఒక్కో నెలకు ఒక ఫోల్డరు పెట్టండి.

3. నెల ఫోల్డరు తెరిచి ఫైళ్ళను తేదీ వరసలో పెట్టండి. కంట్రోల్-ఏ, తర్వాత ఎఫ్-2 నొక్కి, మీ పేరు, ఏడాది, నెల కొట్టి ఎంటర్ నొక్కండి. 1, 2, 3 అని నంబర్లు అవే పడతాయి.

4. మళ్ళీ లెక్కపెట్టండి. మొదటిదీ చివరిదీ తెరిచి చూడండి. తేడా వస్తే వెంటనే కంట్రోల్-జెడ్ నొక్కితే పాత పేర్లు తిరిగి వస్తాయి.

పేరులో నెల ఎందుకంటే, ఉత్త ‘జీతం 1’ అని పెడితే వచ్చే నెల కూడా ‘జీతం 1’ పుడుతుంది. రెండూ పెన్ డ్రైవులో కలిసిన రోజున మళ్ళీ మొదటి చిక్కే. నెలను అంకెల్లో, ఏడాది తర్వాత రాయండి: 2025-03. రోజు కూడా రాయాలంటే 2025-03-04. అమెరికా వాళ్ళు నెల ముందు రాస్తారు, మనం రోజు ముందు రాస్తాం. అందుకే 03-04 అంటే వాళ్ళకు మార్చి 4, మనకు ఏప్రిల్ 3. ఏడాది ముందుంటే ఆ గొడవ లేదు, ఫైళ్ళు కూడా వరసగా నిలబడతాయి.

ఇంగ్లీషులో పేరు పెట్టేవాళ్ళకు ఇంకో మాట. పెద్ద అక్షరాలతో రాసినా చిన్న అక్షరాలతో రాసినా విండోస్‌కు అది ఒకే పేరు.

చివరిగా, ఆ పెన్ డ్రైవు మీ సొంతానిదై ఉండాలి. కంపెనీ ఇచ్చిన ఫోనులోనో, ల్యాప్‌టాప్‌లోనో మాత్రమే దాచుకుంటే, పని మానేసిన రోజున అవీ అక్కడే ఉండిపోతాయి. ఈ ఆదివారం ఒక గంట కూర్చుని సర్దుకోండి. చేతకానివాళ్ళుంటే మీరే పక్కన కూర్చుని చేసిపెట్టండి.