కత్తి పొగ చెప్పే జవాబు

రాచపుండును కోసి తొలగిస్తున్న శస్త్రవైద్యుణ్ణి చివరిదాకా వేధించే ప్రశ్న ఒక్కటే: ఇంకా ఏమైనా మిగిలిందా? చెడిన కణజాలానికీ మంచిదానికీ నడుమనున్న సరిహద్దు తరచు కంటికి ఆనదు. తక్కువ కోస్తే రోగం తిరగబెట్టవచ్చు. ఎక్కువ కోస్తే, మెదడు వంటి చోట, మాటే పోవచ్చు.

కోసిన ముక్కను అక్కడికక్కడే గడ్డకట్టించి, పలుచగా తరిగి, రంగు అద్ది, సూక్ష్మదర్శినితో చూడడం పాత పద్ధతి. అందుకు దాదాపు అరగంట పడుతుంది. నిపుణుడు చేరువలో ఉండాలి. పైగా కొవ్వు సరిగా గడ్డకట్టదు గనుక రొమ్ము విషయంలో ఈ పరీక్షను పూర్తిగా నమ్మలేము. ఇంగ్లండులో రొమ్మును నిలిపి గడ్డను మాత్రమే తీసిన స్త్రీలలో సుమారు ఐదింట ఒకరికి మళ్ళీ శస్త్రచికిత్స చేయవలసివచ్చిందని 2012లో ఒక పరిశీలన తేల్చింది.

ఆ రెండవ కోత వెల అందరికీ ఒక్కటి కాదు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలసవెళ్ళి అండమాన్‌లో చేపల వేటతో బ్రతుకుతున్న తెలుగు కుటుంబాలు ఎన్నో. 2024లో శ్రీవిజయపురమని పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ నుంచి చెన్నపట్నానికి వెయ్యి కిలోమీటర్లకు పైబడిన సముద్రం. ఓడలో రెండు మూడు రోజులు. గ్రేట్ నికోబార్‌లోని కాంప్‌బెల్ బే వాసికి పోర్ట్ బ్లెయిర్ చేరడమే ఒక యాత్ర. పెద్ద చికిత్సకై ప్రధాన భూభాగానికి వచ్చి వెళ్ళిన ఇల్లాలిని “మళ్ళీ రావాలి” అని పిలిస్తే, ఆ మాటకు ఎంత బరువో ఊహించండి.

జవాబు కోతలోనే దొరకకూడదా? లండన్ ఇంపీరియల్ కాలేజీలో హంగరీ శాస్త్రజ్ఞుడు జోల్తాన్ తకాచ్ చూపు పొగమీద పడింది. విద్యుత్తుతో కోసే కత్తి 1920ల నుంచి వాడుకలో ఉన్నదే. అది కండను కాల్చగా లేచే పొగను ఇంతకాలం పీల్చి పారవేస్తూ వచ్చారు. ఆయన దానిని మాస్ స్పెక్ట్రోమీటరులోకి మళ్ళించారు. ఆ యంత్రం అణువులను వాటి బరువునుబట్టి వేరుచేస్తుంది. కణాల పొరలలోని భాస్వరపు కొవ్వుల పాళ్ళు రాచపుండులో మారిపోతాయి. ఆ మార్పే ఆనవాలు. (కణజాలంలో భాస్వరాన్ని కొలిచే పేరుపొందిన పద్ధతిని 1925లో ఫిస్క్‌తో కలిసి వెలువరించినవాడు మన యల్లాప్రగడ సుబ్బారావు!) 2013లో ప్రకటించిన ఫలితాలలో, 81 శస్త్రచికిత్సలలో కత్తి చెప్పినది తరువాతి సూక్ష్మదర్శిని నివేదికతో సరిపోయింది. జవాబుకు పట్టినది కొన్ని క్షణాలే.

2017లో టెక్సాస్‌లో లివియా ఎబర్లిన్ బృందం కాల్చే పనికూడా లేకుండా చేసింది. వారి కలం కణజాలంపై ఒక నీటిబొట్టును ఆనించి వెనక్కు పీలుస్తుంది. ఆ నీటిలో కరిగిన అణువులే సాక్ష్యం. 253 మంది రోగుల నమూనాలపై అది నూటికి 96 పాళ్ళకు పైగా సరిగా చెప్పింది.

అయితే చేతిలోని కలం చిన్నదే గాని, దాని వెనుకనున్న యంత్రం శీతలయంత్రమంత పెద్దది, ఎంతో ఖరీదైనది. దానికి ముందుగా వేలకొలది నమూనాలను “చదివించాలి”. నడపడానికి శిక్షణ పొందినవారు కావాలి, తరుగులేని విద్యుత్తు కావాలి. అరగంట పరీక్షకే నిపుణుడు దొరకని చోట్లకు క్షణాల పరీక్ష చివరగా చేరుతుంది. రొమ్ము రోగికి శస్త్రచికిత్స నిశ్చయమైనప్పుడు, అంచుల పరీక్ష ఎప్పుడు చేస్తారో, నివేదిక వచ్చేవరకు ఊరిలోనే ఆగవలెనో, ఓడ టిక్కెట్టు కొనకముందే వైద్యుణ్ణి అడగడం మంచిది.