రాసివ్వని మాట

చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టుకు ఐదు గేట్లు. అందులో ఒకటి లేవడం లేదని 2021 నవంబరుకు ముందే మా రాజంపేటలో చెప్పుకునేవాళ్లు. టీ అంగడి కాడ నేనూ విన్నాను. "గేటు లేయడం లేదంటబ్బా" అన్నాడొకాయన. "ఏరు పారితే గదా దాంతో పని" అన్నాడు పక్కాయన. నేను తలూపి, గ్లాసు కింద పెట్టి ఇంటికొచ్చేశాను. ఎండిన ఏటినే చూస్తూ పెరిగిన కళ్లు మావి. నీళ్లు రాలేదని అర్జీలు పెట్టాం. వస్తే ఏమవుతుందని మాలో ఎవరం కాగితం ముక్క రాయలేదు.

నవంబరు 19, కార్తీక పౌర్ణమి. ఏటి ఎగువన పింఛా ప్రాజెక్టు కట్ట తెగింది. వరద 3 లక్షల క్యూసెక్కులు దాటింది. అన్నమయ్య గేట్లన్నీ లేచి ఉన్నా వదలగలిగేది 2 లక్షల పైచిలుకే. తెల్లారేసరికి మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట ఏట్లో కలిశాయి. ముప్పై మందికి పైగా పోయారు. నీళ్లు తీశాక పులపత్తూరు పోయాను. ఒక ఇంట్లో ద్వారబంధం సగం దాకా ఇసుక మేట. ఒక ముసలామె చేతులతో తవ్వి ఇత్తడి దీపపు కుంది బయటికి తీస్తోంది. "ముందే ఎవురన్నా చెప్పింటే" అనింది, నా వైపు చూడకుండానే.

ఆ గేటు లేచినా కట్ట నిలిచేది కాదని మాకు మేం సర్దిచెప్పుకుంటున్నాం. నిలిచేదో లేదో తేల్చే చదువు నాకు లేదు. కానీ ఆ గేటు సంగతి గట్టిగా అడిగుంటే, వరదొస్తే ఏ ఊరిని ఎప్పుడు ఖాళీ చేయించాలి, రాత్రిపూట ఎవరు కబురు చెప్పాలి అనే ప్రశ్నలూ దాని వెంటే వచ్చేవి.

తెలిసిన ప్రమాదం చెప్పాల్సిన చోటికి చేరకపోతే ఏమవుతుందో ఇంకోచోటా తేలింది. 1974 డిసెంబరు 1న అమెరికాలో వాషింగ్టన్ దగ్గర ఒక విమానం కొండను గుద్దుకుని 92 మంది చనిపోయారు. ఆరు వారాల ముందే మరో సంస్థ విమానం అదే కొండకు తగలబోయి తప్పించుకుంది. ఆ సంగతి ఆ సంస్థ గడప దాటలేదు. తర్వాత 1976లో, విమానం నడిపేవాళ్లు తాము చూసిన ప్రమాదాన్ని, చేసిన పొరపాటును రాసి పంపే ఏర్పాటు నాసా చేతుల్లో మొదలైంది. రాసినవాళ్ల పేరు బయటికి రాదు. మా మాట టీ అంగడి గడప దాటలేదు. మేం భయపడి ఊరకుండిపోలేదు, పట్టించుకోక ఊరకుండిపోయాం. అదే ఎక్కువ నేరం.

మీ ఊరి చెరువు కట్టకు బీట కనిపించినా, తూము కారుతున్నా ఫోటో తీయండి, తేదీ వేసి అర్జీ రాయండి. ఇచ్చి ఊరికే రాకండి, రసీదు అడిగి తీసుకోండి.