వయసు కాదు, తుప్పే శత్రువు

పల్లె దారిలో వాగు మీద పాత ఇనుప వంతెన కనబడగానే "ముసలిదైపోయింది, తుక్కు కింద అమ్మేస్తే సరి" అంటారు కొందరు. విద్యార్థులారా! ఈ మాట సబబేనా?

ఆ వంతెన పక్కభాగం గమనించండి. అన్నీ త్రిభుజాలే. ఎందుకు? నాలుగు వెదురు బద్దలను మూలల్లో మేకులతో కలిపి చతురస్రం చేయండి. ఒక మూల నెడితే అది పక్కకు ఒరిగిపోతుంది. కర్ణం వెంట ఐదో బద్ద బిగించండి, ఇక కదలదు. భుజాల పొడవు మారనిదే త్రిభుజం ఆకారం మారదు. అందుకే ఈ 'ట్రస్' వంతెన తక్కువ ఇనుముతో ఎక్కువ బరువు మోస్తుంది.

పారిస్‌లోని ఈఫిల్ టవర్‌దీ ఇలాంటి అల్లికే. 1889లో పూర్తయినా నేటికీ నిలిచి ఉంది. కారణం? సుమారు ఏడేళ్లకొకసారి దానికి 60 టన్నుల రంగు వేస్తారు. తేమ, గాలి తగలకుంటే ఇనుము తుప్పు పట్టదు. తుప్పు పట్టిన కమ్మీ పలచబడుతుంది. అది తెగితే దాని బరువంతా పక్కవాటి మీద పడుతుంది.

బరువు మితిమీరినా ముప్పే. 2025 జూన్‌లో పుణె దగ్గర ఇంద్రాయణి నదిపై జనం గుంపుగా ఎక్కిన పాత ఇనుప వంతెన కూలి నలుగురు మరణించారు.

కాబట్టి నేననేది ఇదే: రంగుకు పెట్టే డబ్బు దండుగ కాదు. పాత వంతెనను పరీక్షించి, బలముంటే కాపాడాలి; లేకుంటే వెంటనే మూసేయాలి. మీ ఊళ్లో అలాంటిది ఉంటే, తుప్పు ఎక్కడుందో ఒడ్డు నుంచే చూసి పంచాయతీకి అర్జీ రాయండి. హెచ్చరిక బోర్డును మాత్రం మొదట మీరే పాటించండి.